నాలుగు దెబ్బల మీద అయిదు అక్షరాలు: జాజ్ వయొలిన్ లయ సాధనపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జాజ్ మనోధర్మం (అప్పటికప్పుడు అల్లి వాయించడం) కోసం వయొలిన్ మీద వింత లయలు ఎలా సాధన చెయ్యాలో అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈసారి చోటిచ్చాం. లెక్కలు ఒకే తీరుగా ఉండటానికి ముందే ఒక మాట. ఈ జవాబుల్లో దెబ్బ అంటే మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని అని దెబ్బలు కొట్టే పరికరం) కొట్టే ఒక్కో దెబ్బ. అక్షరం అంటే, వేరే చెప్పకపోతే, అర దెబ్బ. బార్ అంటే తాళం ఒక చుట్టు. అంటే 4/4 బార్‌లో నాలుగు దెబ్బలు, ఎనిమిది అక్షరాలు.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఈమధ్య జాజ్ మీదికి మనసు పోయింది. బ్యాకింగ్ ట్రాక్ (వెనక వాయిద్యాల రికార్డు) పెట్టుకుని వాయిస్తే అపస్వరాలు పడటం లేదు. కానీ విన్నవాళ్లు "సరళీస్వరాలు రెండో కాలంలో వాయిస్తున్నట్టుంది" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? — రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రులు సరిగ్గానే పట్టుకున్నారు. స్వరాలు బాగున్నా ప్రతి వాక్యం దెబ్బ మీదే మొదలై, రెండేసి నాలుగేసి అక్షరాలుగా నడిచి, దెబ్బ మీదే ఆగుతుంటే వినేవాళ్లకు కొత్తగా తోచేదేమీ ఉండదు. దీనికి మందు కొత్త స్కేళ్లు కాదు. ఉన్న స్వరాలనే మూడేసి, అయిదేసి గుంపులుగా విడగొట్టి, కింద నాలుగు దెబ్బల తాళాన్ని కదలకుండా ఉంచడం.

మూడుతో మొదలుపెట్టండి. వయొలిన్ పక్కన పెట్టి, మెట్రోనోమ్ 60లో పెట్టి, పాదంతో నాలుగు దెబ్బలు తడుతూ, దెబ్బకు రెండు అక్షరాల చొప్పున నోటితో "తకిట తకిట తకిట" అనండి. ప్రతి "త"నీ కాస్త గట్టిగా పలకండి. ఆ గట్టి అక్షరాలు మొదటి బార్‌లో 1, 4, 7 స్థానాల్లో, రెండో బార్‌లో 2, 5, 8లో, మూడో బార్‌లో 3, 6లో పడతాయి. నాలుగో బార్ మొదటి దెబ్బకు మళ్లీ కలుస్తాయి. ఎనిమిది తకిటలు, ఇరవైనాలుగు అక్షరాలు, మూడు బార్లు. జతులు అలవాటున్న మీకిది పది నిమిషాల పని. అయితే ఒక పరీక్ష ఉంది. ఫోన్‌లో రికార్డు చేసి పాదం చప్పుడు మాత్రమే వినండి. తకిట ఊపుకి పాదం కూడా ఒకటిన్నర దెబ్బకోసారి పడుతుంటే మీరు తాళం మార్చేశారన్నమాట, తాళం మీద గుంపు కట్టలేదు. పాదం నిలిచేదాకా వయొలిన్ ముట్టుకోవద్దు.

తర్వాత ఖాళీ డి తీగ. అక్షరానికో కమాను, గుంపులో మొదటిదానికి ఊనిక. మూడు బేసి సంఖ్య కాబట్టి ఊనిక ఒకసారి డౌన్ బోలో (కమాను బయటికి లాగేటప్పుడు), మరోసారి అప్ బోలో (వెనక్కి తోసేటప్పుడు) వస్తుంది. డౌన్ బో ఊనిక బలంగా, అప్ బో ఊనిక పేలవంగా వినిపిస్తే చాలామంది కమానును తీగ మీద అదిమేస్తారు. అప్పుడు తీగ నలిగి గీర వస్తుంది. ఊనిక కమాను వేగంలోంచి రావాలి. మామూలు అక్షరానికి నాలుగు సెంటీమీటర్ల కమాను వాడుతుంటే ఊనిక అక్షరానికి ఎనిమిది వాడండి, బరువు పెంచకండి.

ఆ తర్వాతే స్వరాలు. "సరిగ, రిగమ, గమప" వరసలో మూడేసి ఊనికలు వేస్తే సుఖంగా ఉంటుంది, కానీ అది ఇంకా పాఠమే. అసలు మలుపు తర్వాతి మెట్టులో ఉంది. స్వరాల వరస నాలుగేసిగా, అంటే "సరిగమ, రిగమప, గమపద"గా పెట్టి, ఊనిక మాత్రం మూడేసికి వెయ్యండి. స్వరాల గుంపు ఒక దారిన, ఊనికల గుంపు ఇంకో దారిన పోతాయి. చెవికి ఇది ఒక్కసారిగా జాజ్‌లా తగులుతుంది. అది నిలబడ్డాక ఊనిక అక్షరాలు మాత్రమే ఉంచి మిగతావన్నీ మౌనంగా వదిలెయ్యండి. మిగిలేది ఒకటిన్నర దెబ్బకో స్వరం. ట్రాక్ మీద వాడవలసింది ఈ మిగిలినదే.

అయిదుకీ ఇదే దారి, "తక తకిట" అనుకుంటూ. ఎనిమిది గుంపులకు అయిదు బార్లు పడుతుంది. అక్కడొక చిక్కు ఉంది. జాజ్ పాటలు నాలుగు, ఎనిమిది బార్ల వాక్యాల్లో నడుస్తాయి, అయిదు బార్లకు కలిసే లెక్క పాటతో కలవదు. అందుకని నాలుగు బార్ల ముప్ఫైరెండు అక్షరాలను అయిదు అయిదులు, చివర ఒక ఏడుగా పంచండి. ఆ ఏడును "తకిట తకధిమి" అనుకుంటే అయిదో బార్ మొదటి దెబ్బ మీద శుభ్రంగా దిగుతారు.

ఒక జాగ్రత్త. ఈ సాధన జరిగినన్నాళ్లూ గమకాలు పక్కన పెట్టండి. కంపితం వేసిన స్వరం ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలియదు, అర అక్షరం ఆలస్యమైనా అది కప్పేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. డాలస్‌లో స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. ఈసారి స్కూల్ జాజ్ బ్యాండ్‌తో "టేక్ ఫైవ్"లో సోలో ఇచ్చారు. అయిదు దెబ్బలు లెక్కపెట్టగలుగుతోంది గానీ నాలుగైదు బార్లు తిరిగేసరికి కమాను కొసకి పోయి ఇరుక్కుంటోంది. ఎందుకలా? — ఒక తల్లి

జవాబు: లెక్క తప్పు కాదమ్మా, అది కమాను పంపకంలో తప్పు. ఆ పాట 5/4లో మూడు, రెండుగా విడుతుంది. మూడు దెబ్బలు డౌన్ బోలో, రెండు దెబ్బలు అప్ బోలో ఒకే వేగంతో వాయిస్తే ప్రతి బార్‌లోనూ కమాను మూడు పాళ్లు బయటికి పోయి రెండు పాళ్లే వెనక్కి వస్తుంది. మిగిలిపోయిన ఒక్కో పాలు పోగై నాలుగైదు బార్లలో కొస వచ్చేస్తుంది. దాన్ని సరిచేద్దామని అప్ బోను గబగబా లాగితే వేగం ఒకటిన్నర రెట్లయి నాలుగో దెబ్బ అరిచినట్టు వస్తుంది.

దారులు మూడున్నాయి. మొదటిది, అప్ బో వేగం పెరిగినప్పుడు చూపుడు వేలి బరువు ఆ మేరకు తగ్గించడం. వినడానికి తేలిక, చేతికి కష్టం. ఖాళీ ఏ తీగ మీద రోజూ అయిదు నిమిషాలు చేయిస్తే రెండు మూడు వారాల్లో చేతికి వస్తుంది. కమాను మధ్యలో కర్ర మీద పదిహేను సెంటీమీటర్ల ఎడంగా రెండు చిన్న కాగితపు టేపు ముక్కలు అంటించి, ఆ హద్దు దాటకుండా వాయించమనండి.

రెండోది, స్ట్రోకుల సంఖ్య సరి చేయడం. మొదటి రెండు దెబ్బలు ఒకే కమానులో, ఒక్క దెబ్బకు వాడేంత కమానే వాడుతూ, మిగిలిన మూడూ విడివిడిగా. బార్‌కు నాలుగు స్ట్రోకులు అవుతాయి కాబట్టి ప్రతి బార్ డౌన్ బోతోనే మొదలవుతుంది. ప్రదర్శన దగ్గర్లో ఉంటే ఇదే వాడమనండి.

మూడోది, అయిదూ విడివిడిగా వాయించడం. అప్పుడు ఒక బార్ డౌన్‌తో, తర్వాతిది అప్‌తో మొదలవుతుంది. ఆర్కెస్ట్రాలో పెరిగిన పిల్లలకు బార్ మొదట్లో అప్ బో అంటే భయం, ఎందుకంటే అక్కడ మొదటి దెబ్బకు డౌన్ బో అన్నది దాదాపు నియమం. మనోధర్మం వాయించేవాళ్లు ఆ భయం పోగొట్టుకోవాలి. కాబట్టి వ్యవధి ఉన్నప్పుడు ఎక్కువ కాలం చేయాల్సిన సాధన ఈ మూడోదే.

ఇంకో సంగతి. ఈ పాట ఇ ఫ్లాట్ మైనర్‌లో ఉంటుంది. ఆ స్కేల్‌లో వయొలిన్ ఖాళీ తీగలు జి, డి, ఏ, ఇ ఒక్కటీ పనికిరావు. లయ, శ్రుతి రెండూ ఒకేసారి పట్టుకోవడం పిల్లకు భారం. మొదటి రెండు వారాలు ఇ మైనర్‌లో లయ కుదరనిచ్చి ఆ తర్వాత అర మెట్టు కిందికి దించండి.

సోలోకి స్వరాల కంటే వెనక పియానో మీద చెవి ఉంచమనండి. పాల్ డెస్మండ్ రాసిన ఈ పాటను డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో రికార్డు చేసింది. అందులో పియానో మూడు దెబ్బలకొకటి, రెండు దెబ్బలకొకటిగా రెండే కార్డ్‌లను (కలిపి మోగించే స్వరాల గుత్తులను) సోలో వెనక తిప్పుతుంది. "ఒకటి రెండు మూడు" లెక్కపెట్టడం మాని ఆ కార్డ్ మారే చప్పుడును ఆసరా చేసుకుంటే లెక్క దానంతటదే నిలుస్తుంది. మొదట మూడు దెబ్బలు ఒకే స్వరం నిలిపి, తర్వాతి రెండు దెబ్బల్లో చిన్న జవాబు. అది కుదిరాక జవాబును మూడు దెబ్బల వైపు, నిలుపును రెండు దెబ్బల వైపు తిప్పడం. ఆ తర్వాత నాలుగు దెబ్బల వాక్యం ఒకటి తీసుకుని వరసగా అయిదుసార్లు. ఇరవై దెబ్బలు, అంటే నాలుగు బార్లకు సరిగ్గా కలుస్తుంది.

ప్రశ్న: స్వింగ్ అంటే తిశ్ర నడకే అని చదివాను. కానీ తిశ్రంగా వాయిస్తే గుర్రం పరిగెత్తినట్టుంది. తప్పెక్కడ? — హైదరాబాద్ నుంచి

జవాబు: దెబ్బను మూడు భాగాలు చేసి రెండు భాగాలు మొదటి స్వరానికి, ఒకటి రెండోదానికి ఇవ్వడం మధ్యమ వేగంలో సుమారుగా సరైనదే. కానీ అది కొలబద్ద కాదు. వేగం పెరిగేకొద్దీ రెండు స్వరాలూ సమానానికి దగ్గరవుతాయి. బాగా వేగమైన పాటల్లో దాదాపు సమానమే.

గుర్రం పరుగు రావడానికి అసలు కారణం కమాను. ప్రతి దెబ్బ మీద కమాను మార్చి పొడుగు, పొట్టి స్వరాలను ఒక జతగా కలుపుతున్నారు. కమాను దెబ్బ మీద కాదు, అర దెబ్బ మీద మారాలి. డి మేజర్ స్కేల్ తీసుకోండి. మొదటి డి ఒక్కటీ విడిగా. ఆ తర్వాత ఇ, ఎఫ్ షార్ప్ ఒకే కమానులో, జి, ఏ ఒకే కమానులో, బి, సి షార్ప్ ఒకే కమానులో, పై డి మళ్లీ విడిగా. ప్రతి జత ఎదురులో, అంటే పొట్టి స్వరం మీద మొదలై దెబ్బ మీది పొడుగు స్వరంలోకి జారుతుంది. ఊనిక జతలో మొదటిదాని మీద కొంచెం. మెట్రోనోమ్ 50లో పెట్టి ఆ దెబ్బలను రెండోదిగా, నాలుగోదిగా వినండి, అప్పుడు అసలు వేగం 100 అవుతుంది. వారం రోజులు ఇదొక్కటే చాలు.

మూడేసి, అయిదేసి గుంపుల్ని మాత్రం ముందు సమానమైన అక్షరాలతోనే సాధించి ఆ తర్వాత స్వింగ్‌లోకి మార్చండి. ఎందుకంటే స్వింగ్‌లో గుంపు మొదలు ఒకసారి పొడుగు అక్షరం మీద, ఇంకోసారి పొట్టి అక్షరం మీద పడుతుంది. పొట్టి అక్షరం మీద ఊనిక వేసేటప్పుడు అది ముందుకు తోసుకొస్తుంది. రికార్డింగ్‌లో మొదట వెతకాల్సింది ఈ తొందరనే.

ప్రశ్న: బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే మిత్రుడు "నాలుగు మీద అయిదు వేసి చూడు" అంటాడు. ఎంత ప్రయత్నించినా చివరి రెండూ గబగబా పడిపోతున్నాయి. — గుంటూరు నుంచి

జవాబు: నాలుగు దెబ్బల నిడివిని కంటితో కొలిచి అయిదు ముక్కలు చేయబోతున్నారు, అది ఎవరికీ కుదరదు. చిన్న కొలత తీసుకోవాలి. ప్రతి దెబ్బనూ అయిదు చేయండి, ఖండ నడకలో. నాలుగు దెబ్బలకు ఇరవై. ఆ ఇరవైని నాలుగేసిగా విడగొడితే అయిదు సమాన భాగాలు వస్తాయి.

మెట్రోనోమ్ 40లో పెట్టి, దెబ్బకొక "తదిగిణతొం" అనండి. కమాను ఎక్కడ మారాలో చూడండి. మొదటి దెబ్బలో "త" మీద, అదే దెబ్బ చివర "తొం" మీద, రెండో దెబ్బలో "ణ" మీద, మూడో దెబ్బలో "గి" మీద, నాలుగో దెబ్బలో "ది" మీద. త, తొం, ణ, గి, ది. జతిని వెనక్కి చదివినట్టే. ఈ అయిదు అక్షరాలూ గుర్తుంటే వేరే లెక్క అక్కర్లేదు. నోరు ఖండ నడక ఆపకూడదు, కమాను మాత్రం ఆ అక్షరాల దగ్గర మారాలి. ఖాళీ తీగ మీదే చేయండి. స్ట్రోకులు అయిదు కాబట్టి రెండో ఆవృతం అప్ బోతో మొదలవుతుంది, కంగారుపడొద్దు.

చివరివి తొందరపడటానికి కారణం కూడా ఇక్కడే కనిపిస్తుంది. రెండో స్ట్రోక్ రెండో దెబ్బకు ఒక్క చిన్న అక్షరం ముందు పడుతుంది. అయిదోది నాలుగో దెబ్బకు ఒక్క అక్షరం తర్వాత పడుతుంది. చెయ్యి దాన్ని దెబ్బ మీదికే లాగేస్తుంది. కాబట్టి నాలుగో దెబ్బ "త" పూర్తిగా పలికాక, "ది"తో పాటే కమాను మారిందా అన్నది ఒక్కటే కనిపెట్టుకుని ఉండండి. మెట్రోనోమ్ 72 దాటాక నోటి జతి మానేసి మనసులో నడపండి. అయిదు మీద నాలుగు కూడా చేయాలా అంటే, దానికి ఇప్పుడు తొందరేం లేదు. రెండు మీద మూడు, మూడు మీద నాలుగు పక్కాగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

ప్రశ్న: మెట్రోనోమ్‌తో గుంపులన్నీ బాగానే వస్తున్నాయి. బ్లూస్ (పన్నెండు బార్ల పాట రూపం) మీద మనోధర్మం మొదలుపెట్టగానే ఎక్కడున్నానో తెలియకుండా పోతోంది. — విశాఖపట్నం నుంచి

జవాబు: ఒకేసారి మూడు పనులు పెట్టుకున్నారు: గుంపు, కార్డ్, స్వరం ఎంపిక. వీటిలో రెండింటిని కట్టిపడేస్తే మూడోది నిలుస్తుంది.

డి బ్లూస్ తీసుకోండి. పన్నెండు బార్లు, కార్డ్‌లు డి7, జి7, ఏ7. ప్రతి కార్డ్‌లో మూడో, ఏడో స్వరాలు మాత్రమే: డి7కి ఎఫ్ షార్ప్, సి. జి7కి బి, ఎఫ్. ఏ7కి సి షార్ప్, జి. డి7 నుంచి జి7కి పోయేటప్పుడు ఎఫ్ షార్ప్ అర మెట్టు దిగి ఎఫ్ అవుతుంది, సి దిగి బి అవుతుంది. వేలు రెండు సెంటీమీటర్లు కూడా జరగక్కర్లేదు, అయినా కార్డ్ మారిందని వినేవాళ్లకు తెలిసిపోతుంది.

మొదటి ఆవృతంలో ప్రతి బార్ మొదటి దెబ్బకు ఒక్క స్వరం, పన్నెండు స్వరాలే. రెండో ఆవృతంలో అదే స్వరాన్ని అర దెబ్బ ముందు, అంటే ముందు బార్ చివరి అక్షరం మీద వేయండి. రాబోయే కార్డ్ స్వరాన్ని ముందే వేస్తున్నారని మరిచిపోకండి, చాలామంది పోతున్న కార్డ్ స్వరమే వేసి అపస్వరం చేస్తారు. మూడో ఆవృతంలో రెండు బార్లు వాయించి రెండు బార్లు ఊరుకోండి. ఊరుకున్నప్పుడు కార్డ్ పేర్లు పైకి చెప్పండి. దారి తప్పేది ఈ నిశ్శబ్దంలోనే, కాబట్టి దాన్ని ఎగ్గొట్టకూడదు.

తర్వాత గుంపు. అయిదో బార్‌లో జి7 వస్తుంది, తొమ్మిదో బార్‌లో ఏ7. మధ్యలో నాలుగు బార్లు, ముప్ఫైరెండు అక్షరాలు. పైన రాజమహేంద్రవరం పాఠకుడికి చెప్పిన అయిదు అయిదులు, ఒక ఏడు ఇక్కడ పెట్టండి. ఏడు అయ్యేసరికి ఏ7 రావాలి. రాకపోతే ఎక్కడ తప్పిందో వెంటనే తెలుస్తుంది, పన్నెండు బార్లూ ఆగక్కర్లేదు.

ఇది కుదిరినవాళ్లకు ఒక పెద్ద లెక్క. బ్లూస్ ఆవృతం మొత్తం తొంభైఆరు అక్షరాలు. మొదటి అక్షరం ఊరుకుని పందొమ్మిది అయిదులు వాయిస్తే తొంభైఆరూ నిండి కొత్త ఆవృతం మొదటి దెబ్బ చేతికి అందుతుంది. ఇది సాధనకే, వేదిక మీదకు కాదు. పన్నెండు బార్లూ అయిదులే వింటే శ్రోతకు అదే కొత్త తాళమైపోయి ఎదురు లయ రుచి పోతుంది. కచేరీలో రెండు బార్లు, మహా అయితే నాలుగు, ఆ తర్వాత ఖాళీ.

ట్రాక్ కోసం ఐరియల్ ప్రో లాంటి యాప్ వాడుతుంటే పియానో ధ్వని తగ్గించి బేస్, డ్రమ్స్ మాత్రమే ఉంచండి. చివరికి డ్రమ్స్ కూడా తీసేసి బేస్ ఒక్కదానితో వాయించగలగాలి.

ప్రశ్న: మన ముక్తాయింపులు జాజ్ సోలోలో వాడొచ్చా? వాడితే జాజ్ వాళ్లు మెచ్చుకుంటున్నారు గానీ నాకే ఎందుకో అతికినట్టు అనిపించడం లేదు. — వరంగల్ నుంచి

జవాబు: మీ అనుమానంలో నిజం ఉంది. ముక్తాయింపు పని తలుపు వేయడం. మూడుసార్లు చెప్పి సమం (తాళం మొదటి దెబ్బ) మీదో ఎత్తుగడ (పాట ఎత్తుకునే చోటు) మీదో దిగగానే ఒక ఘట్టం ముగిసిందని తెలుస్తుంది. జాజ్‌లో ఆవృతం మలుపు దగ్గర తలుపు తెరిచే ఉండాలి, వెనక వాయిద్యాలు ఆగకుండా పోతుంటాయి. ప్రతి ఎనిమిది బార్లకూ తలుపు వేస్తే సోలో ముక్కలైపోతుంది. అందుకే ఆ వాద్యకారులు తరచు సమం కంటే అర దెబ్బ ముందే దిగి ఆ స్వరాన్ని సమం దాటించి నిలుపుతారు.

ముక్తాయింపును వదులుకోనక్కర్లేదు, ఒక్క అక్షరం జరిపితే చాలు. డి మైనర్7 ఒక బార్, జి7 ఒక బార్, ఆ తర్వాత సి. ఈ నడక జాజ్‌లో అడుగడుగునా వస్తుంది. రెండు బార్లకు పదహారు అక్షరాలు. అయిదు అక్షరాల గుంపు మూడుసార్లు అంటే పదిహేను. ఒక అక్షరం ఆగి మొదలుపెడితే సి కార్డ్ సమం మీద దిగుతారు, అది మన పద్ధతి. ఆగకుండా మొదటి దెబ్బకే ఎత్తుకుంటే పదహారో అక్షరం మీద, సమానికి అర దెబ్బ ముందు దిగుతారు.

సి షడ్జమం అనుకుని శంకరాభరణం స్వరాల్లో ఇదిగో: రి మ ద స ద, మ ద స ని ప, మ రి ని రి మ, ఆపైన గ. ఇక్కడ రి మంద్రం వైపు ఖాళీ డి తీగ, మొదటి గుంపులోని ద ఖాళీ ఏ తీగ, స ఏ తీగ మీద రెండో వేలు, మూడో గుంపులోని ని జి తీగ మీద రెండో వేలు. అంతా మొదటి పొజిషన్‌లోనే. చివరి గ డి తీగ మీద మొదటి వేలుతో. రెండో గుంపులో నాలుగో స్వరం నిషాదం సరిగ్గా జి7 వచ్చే దెబ్బ మీద పడుతుంది, అది ఆ కార్డ్‌కు మూడో స్వరం. అందుకే దాని ముందు షడ్జమం పెట్టాం, స నుంచి నికి దిగడంలోనే కార్డ్ మార్పు వినిపిస్తుంది. అలాగే చివరి మ నుంచి గకి దిగితే సి కార్డ్ వచ్చేసినట్టే, ఇంకా అర దెబ్బ ఉండగానే. ఊనికలు రి, మ, మ మీద, గుంపుల మొదట్లో.

ఆ గ మీద కమాను ఆపొద్దు. సమం దాటి కనీసం రెండు దెబ్బలు సాగనివ్వండి. అక్కడ ఆపేస్తే మళ్లీ తలుపు వేసినట్టే. మొదట సమం మీద దిగేది, తర్వాత అర దెబ్బ ముందు దిగేది ఒకదాని వెంట ఒకటి పదిసార్లు వాయిస్తే తేడా చెవికి అందుతుంది.

ప్రశ్న: జాజ్ కోసం వయొలిన్ శ్రుతి మార్చుకోవాలా? కింద కూర్చుని వాయించకూడదా? — విజయవాడ నుంచి

జవాబు: శ్రుతి మార్చుకుంటేనే మంచిది. మన స ప స ప కట్టులో మధ్య తీగల ఎడం చతుర్థం. జి డి ఏ ఇ కట్టులో అన్నీ పంచమం ఎడమే. అందువల్ల ఏ కీలోనైనా వేళ్ల అమరిక ఒకేలా పక్క తీగకు జరుగుతుంది. జాజ్‌లో కీలు తరచు మారుతుంటాయి కాబట్టి ఇది పెద్ద సౌకర్యం. తక్కువ శ్రుతికి వదులు చేసి చాన్నాళ్లు వాడిన పాత తీగలను ఒక్కసారిగా పైకి లాగితే తెగుతాయి. కొత్త సెట్ వేసి, రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి, బ్రిడ్జి ముందుకు వాలకుండా చూసుకుంటూ.

కూర్చునే భంగిమకు అభ్యంతరం లేదు. ఎల్. సుబ్రహ్మణ్యం గారు ఫ్రెంచ్ జాజ్ వయొలిన్ వాద్యకారుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి వాయించారు. 1970లలో జాజ్ గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ "శక్తి" బృందంలో ఎల్. శంకర్ గారు కింద కూర్చునే వాయించారు. వాళ్ల చేతుల్లో లయకు లోటేమీ రాలేదు.

ప్రశ్న: సోలో కానప్పుడు కమానుతో డ్రమ్‌లా కొట్టే "చాప్" సాధన చేస్తే మణికట్టు నొప్పి వస్తోంది. — బెంగళూరు నుంచి ఒక తెలుగు విద్యార్థిని

జవాబు: కొడుతున్నారు కాబట్టే నొప్పి. చాప్‌లో కమానును పడనివ్వాలి, అంతే. అమెరికాలో బ్లూగ్రాస్ అనే జానపద శైలి బృందంలో వాయించిన రిచర్డ్ గ్రీన్ 1960లలో తెచ్చిన పద్ధతి ఇది, తర్వాత డారల్ ఆంగర్ లాంటివాళ్లు దాన్ని విస్తరించారు. ఫ్రాగ్‌కు (కమాను పట్టుకునే చివరి భాగానికి) మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోని వెంట్రుకలు, ఎడమచేతి వేళ్లు ఆనించి మూగ చేసిన తీగల మీద, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి సొంత బరువుతో పడాలి. పడ్డాక తీగను పట్టుకుని ఒక్క క్షణం అక్కడే ఉండాలి, ఎగరకూడదు. స్వరం వినిపిస్తే ఎడమచెయ్యి సరిగ్గా ఆనలేదన్నమాట. 2, 4 దెబ్బల మీద మాత్రమే, మెట్రోనోమ్ 80లో, ఒక్కసారికి రెండు నిమిషాలు మించొద్దు. నొప్పి ఉన్నన్నాళ్లూ పూర్తిగా మానండి, నొప్పితో చేసిన సాధన బిగుతునే అలవాటు చేస్తుంది. మీ పాత కమానునే దీనికి వాడండి, ఫ్రాగ్ దగ్గరి వెంట్రుకలు త్వరగా అరుగుతాయి.

ప్రశ్న: ఉద్యోగం వల్ల రోజుకు అరగంటే దొరుకుతుంది. ఎలా పంచుకోవాలి? ఎవరిని వినాలి? — హైదరాబాద్ నుంచి

జవాబు: ఆఫీసుకు వెళ్లేటప్పుడు బస్సులోనో మెట్రోలోనో నోటితో జతి అయిపోవాలి, దానికి వయొలిన్ అక్కర్లేదు. ఇంట్లో అరగంటలో ఎనిమిది నిమిషాలు ఖాళీ తీగ మీద ఊనికలు, ఏడు నిమిషాలు అర దెబ్బ మీద కమాను మారే స్కేల్, మిగతా పావుగంట ఒకే ఒక్క పాట మీద. వారానికి ఒక్క గుంపే పెట్టుకోండి. సోమవారం మూడు, మంగళవారం అయిదు అని మారిస్తే ఏదీ చేతిలో నిలవదు. ఆదివారం రెండు నిమిషాలు రికార్డు చేసి మరుసటి రోజు వినండి. వాయించిన వెంటనే వింటే చెవి సర్దుకుపోతుంది.

వినడానికి ముందు స్టఫ్ స్మిత్. లయ విషయంలో తొలితరం జాజ్ వయొలిన్ వాద్యకారుల్లో ఆయన కమానుకు సాటి లేదని మా అభిప్రాయం. చిన్న చిన్న స్ట్రోకులతో బ్యాండ్‌ను నడిపించేస్తాడు. గ్రాపెల్లి 1934లో పారిస్‌లో గిటార్ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్‌తో కలిసి మొదలుపెట్టిన బృందం రికార్డుల్లో వాక్యం దెబ్బ దాటి ఎలా సాగుతుందో వినండి. ఇక వయొలిన్ పాట కాకపోయినా పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ బ్లూస్ "స్ట్రెయిట్, నో చేజర్" తప్పక నేర్చుకోండి. చిన్న స్వరాల ముక్క ఒకటే, బార్‌లో చోటు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ వస్తుంది. నొటేషన్ చూడకుండా విని నేర్చుకుని, పాదంతో నాలుగు దెబ్బలు తడుతూ, ఆ ముక్క ప్రతిసారీ ఏ అక్షరం మీద మొదలైందో కాగితం మీద రాసుకోండి.